ఆగినట్టే ఉన్న బీరువా

ఒక కాలేజీలో ఒక ఇనుప బీరువా ఉండేది. అది తనంతట తానే గదంతా నడిచి, ఒక లెక్చరర్ని కిటికీలోంచి బయటికి గెంటేసింది.

సరే, తనంతట తానే అంటే మరీ అంత కాదు. వెనక రెండు చేతులున్నాయి. గెంటేసింది అన్నది కూడా కొంచెం సాగదీసిన మాటే, ఆయన తన కాళ్ళతోనే దిగాడు. కిటికీ అంటే మేడమీది కిటికీ కాదు, కింద అంతస్తులో మోకాలెత్తున ఉండే కిటికీ. అయినా బీరువా నడిచిన మాట నిజం. ఆయన కిటికీ దిగిన మాట నిజం. దిగేటప్పుడు ప్యాంటు ఎక్కడ చిరిగిందో ఆ కాలేజీలో చదివిన ఎవరినడిగినా చేత్తో చూపించి మరీ చెబుతారు. మిగతా వాటికి పూచీ లేదు.

వెనకున్న ఆ రెండు చేతులూ ఎప్సిలాన్ మేడంవి. ఆవిడ లెక్కల్లో వాస్తవ విశ్లేషణ, అంటే రియల్ అనాలిసిస్, చెప్పేది. డిగ్రీ మొదటి సంవత్సరంలో పిల్లల నడుం విరగ్గొట్టే పేపర్ అది. అందులో ఎంత చిన్నదైనా కావచ్చు అనుకునే సంఖ్యకు ఎప్సిలాన్ అని గుర్తు పెట్టుకుంటారు. ఆవిడ పొట్టిగా, పుల్లలా ఉండేది కాబట్టి పిల్లలు ఆ పేరు తగిలించారు. ఎప్సిలాన్ ఎంత చిన్నదైనా సున్నా మాత్రం కాదన్న సంగతి, దిద్దిన పేపర్లు చేతికొచ్చిన రోజున వాళ్ళకు తెలిసేది.

ఒకసారి వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "అది దాదాపు సున్నాయే కదా మేడం" అన్నాడు.

"నువ్వు దాదాపు పాసయ్యావని రాయనా?"

"వద్దు మేడం."

"ఏం, దాదాపు చాలదా నీకు?"

వాడు కూర్చున్నాడు. ఆ సంవత్సరం ఆ క్లాసులో దాదాపు అన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

ఈ పట్టుదల ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. గౌను చేతుల వల్ల వచ్చింది. ఆవిడ తండ్రి దర్జీ. మెడలో టేపు వేలాడేది గానీ దాన్ని నమ్మేవాడు కాదు. మనిషిని ఎగాదిగా చూసి, "సుమారుగా ఇంతుంటుంది" అని కత్తెర వేసేవాడు. ఇద్దరు కూతుళ్ళ గౌన్లూ మిగిలిన ముక్కల్లోంచి పుట్టేవి. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. చెల్లెలు ఆ గౌనులోనే గిరగిరా తిరుగుతూ నవ్వేది. అక్క మాత్రం రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని చూసేది.

"నాన్నా, తేడా ఉంది."

"కనిపించదులేవే."

"కనిపించకపోతే లేనట్టా?"

తండ్రి నోట్లో గుండుసూదులుండటం వల్లనో మరెందుకో జవాబు చెప్పలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ కాలేజీకి వెళ్ళిన పిల్ల ఇక అక్కడే ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. చూడ్డానికి వచ్చిన ఒకాయన తన వయసు "ముప్పై ప్రాంతం" అన్నాడని, ప్రాంతం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పమని నిలదీస్తే ఆయన కాఫీ తాగకుండా లేచిపోయాడు. తండ్రి పోయాక ఆ టేపు ఆవిడ చేతిసంచిలోకి చేరింది.

ఇక ఆవిడ పగవాడు సుమారు సార్. ఆ పేరూ పిల్లలదే, కానీ ముద్దుగా పెట్టింది. ఆయన సంఖ్యాత్మక పద్ధతులు చెప్పేవాడు. సూటిగా తేలని లెక్కకు ముందు ఒక ఊహ వెయ్యడం, దాన్ని కాస్త సరిచెయ్యడం, సరిచేసినదాన్ని మళ్ళీ సరిచెయ్యడం, కొత్త జవాబుకూ పాత జవాబుకూ తేడా కనిపించనంత తగ్గగానే "ఆగింది, ఇదే జవాబు" అని చేతులు దులుపుకోవడం. మంచి విద్యే. ఎప్సిలాన్ మేడం కూడా విద్యను తప్పుపట్టేది కాదు. "ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు ఆగదో ముందు తెలుసుకుని ఆ తర్వాత ఆపండి" అనేది. ఆయన నవ్వి, "నాలుగు దశాంశాలు చాలు వదినగారూ, ఐదోది దేవుడికి వదిలేద్దాం" అనేవాడు.

వదినగారూ అనడానికి కారణం ఉంది. ఈ చీడను ఇంటికి తెచ్చింది ఆవిడే. ఆయన కొత్తగా చేరిన రోజుల్లో తయారుచేసిన మొదటి ప్రశ్నపత్రంలో తప్పులు చూపించడానికి ఆవిడ టీకి పిలిచింది. ఎర్ర సిరాతో గీతలు గీసి ఒక్కొక్కటే వివరిస్తూ ఉంటే, ఆయన మొదటి తప్పు వరకే విన్నాడు. తర్వాత టీ తెచ్చిన చెల్లెల్ని చూస్తూ ఉండిపోయాడు. చెల్లెలూ అంతే, కప్పు ఇచ్చి లోపలికి వెళ్ళడం మర్చిపోయింది. కొన్నాళ్ళకే పెళ్ళయింది. పెళ్ళికొడుకు ఆలస్యంగా వచ్చి, "సుమారుగా టైముకే వచ్చాను కదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక్కరు నవ్వలేదు.

అప్పటిదాకా ఇద్దరున్న ఇంట్లో ఆ రోజునుంచి ఒక్కరే. ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు. మరిది చెప్పే ప్రతి లెక్కలోనూ తప్పు వెతకడం మొదలుపెట్టింది, అంతే. అవి చాలానే దొరికేవి.

గణిత విభాగంలో మూడో మనిషి విభాగాధిపతి. బీజగణితం చెప్పే పెద్దాయన. ఆయన పేరు తత్సమం సార్. బీజగణితంలో తత్సమం అంటే దేనితో కలిపినా దాన్ని ఏమీ మార్చనిది, కూడికలో సున్నాలాగా, గుణకారంలో ఒకటిలాగా. ఆయన దగ్గరికి ఏ ఫిర్యాదు తీసుకెళ్ళినా శ్రద్ధగా విని, "అలాగే అమ్మా, అలాగే" అని, తెచ్చిన ఫిర్యాదును తెచ్చినట్టే తిరిగి పంపేవాడు. వదినామరుదులు ఇద్దరూ ఆయన్ను సమానంగా అసహ్యించుకునేవాళ్ళు. వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం ఉన్న విషయం అదొక్కటే.

ముగ్గురిలో తత్సమం సార్‌కు వేరే గది ఉంది. మిగతా ఇద్దరికీ కలిపి ఒకటే పొడుగాటి గది. ఒక చివర తలుపు, తలుపు పక్కన నల్లబల్ల. రెండో చివర కిటికీ. మధ్యలో అడ్డంగా, పాత జవాబు పేపర్లతో కిక్కిరిసిన ఇనుప బీరువా. తలుపువైపు ఆవిడ రాజ్యం, కిటికీవైపు ఆయనది. ఆయన రాజ్యంలో బల్ల, కుర్చీ, వచ్చినవాళ్ళకు మరో కుర్చీ, కంప్యూటరు, గాలీ వెలుతురూ ఉండేవి. ఆవిడ రాజ్యంలో నల్లబల్ల ఉండేది. క్లాసులో నోరు విప్పని పిల్లలు సాయంత్రం ఆ నల్లబల్ల ముందుకొచ్చి నిరూపణలు రాసేవాళ్ళు. ఆవిడ వాళ్ళను తిట్టేది, తుడిపించేది, మళ్ళీ రాయించేది. ఒక్కోసారి చివరి పంక్తి దగ్గర ఎవరో ఒకరి మొహం వెలిగేది. ఆవిడ బతుకులో వెలుగంటూ ఉంటే అది అదే.

కొత్త విద్యాసంవత్సరం మొదటి వారంలోనే సుమారు సార్ సిలబస్ కమిటీకి ఒక ప్రతిపాదన పెట్టాడు. వాస్తవ విశ్లేషణ తప్పనిసరి పేపరుగా ఉండనక్కర్లేదు, ఇష్టమున్నవాళ్ళు తీసుకుంటారు, ఆ గంటల్లో కంప్యూటరు ల్యాబు పెడదాం అని. ఇష్టపడి నడుం విరగ్గొట్టుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారో అందరికీ తెలుసు. పిల్లలు లేని పేపరు, పేపరు లేని మేడం. ఆవిడను లైబ్రరీలో పుస్తకాల దుమ్ము దులపడానికి వేస్తారని స్టాఫ్ రూములో అప్పుడే గుసగుసలు. నిర్ణయం సంవత్సరం చివర సమావేశంలో జరుగుతుందన్నారు.

ఆవిడ నేరుగా బీరువా అవతలికి వెళ్ళి నిలబడింది.

"నా పేపరు మీకేం అడ్డొచ్చింది మరిదిగారూ?"

"నాకేం అడ్డు? పిల్లలకు అడ్డు. సగంమంది తప్పుతున్నారు."

"మిగతా సగం నేర్చుకుంటున్నారు."

"ఏం నేర్చుకుంటున్నారు వదినా? శ్రేణిలో అంకెలు కూడుతూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా ఆగదా అని మీరు నెల రోజులు నిరూపిస్తారు. నా మెషీన్‌కి ఇస్తే కూడుకుంటూ పోతుంది. కొత్తగా కలిసే ముక్క కనిపించనంత చిన్నదైపోతే ఆగినట్టే. ఇందులో నిరూపించడానికి ఏముంది?"

"ముక్కలు చిన్నవైపోతే మొత్తం ఆగినట్టేనా?"

"ఆగినట్టే."

"ఈ మాట కమిటీ ముందు చెబుతారా?"

"మైకు పెట్టి చెబుతాను."

ఆవిడ తన వైపుకు వచ్చేసింది. కమిటీకి పెద్ద ప్రిన్సిపాల్. వాణిజ్యశాస్త్రం మనిషి, నిలువెత్తు బస్తా. ఆయనకు నల్లబల్ల మీద నిరూపణ చూపిస్తే ఆవలిస్తాడు. ఆయనకు అర్థం కావాలంటే నిరూపణ ఒంటికి తగలాలి. ఆ సాయంత్రం ఆవిడ బీరువా వైపు చాలాసేపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు తత్సమం సార్ సమక్షంలో ఒక విన్నపం చేసింది. నల్లబల్ల ముందు పిల్లలు నిలబడటానికి చోటు చాలడం లేదు, బీరువాను ఒక్క అడుగు అవతలికి జరుపుకోనివ్వండి, అని. ఆవిడ గొంతులో అంత మర్యాద అంతకుముందు ఎవరూ వినలేదు. సుమారు సార్‌కు కొంచెం జాలి కూడా వేసింది. ఎలాగూ పోయే పేపరు.

"అడుగే కదా, తీసుకోండి."

రెండో రోజు మళ్ళీ వచ్చింది. "నిన్న అడిగిందాంట్లో సగం చాలు."

"మళ్ళీనా?"

"నిన్న అంత ఇచ్చినవాళ్ళు ఇవాళ సగానికి వెనకాడతారా? చెల్లెలితో చెప్పమంటారా?"

మూడో రోజు అడుగులో మూడో వంతు. నాలుగో రోజు నాలుగో వంతు. ప్రతిసారీ ముందురోజుకన్నా తక్కువే. కాదంటే పిసినారి, ఔనంటే పోయేది జానెడు కూడా కాదు. వారం తిరిగేసరికి ఆవిడ అడగడం మానేసింది, జరపడం మాత్రం మానలేదు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, బీరువా కాళ్ళ కింద తడి సబ్బుముక్క రాసి, తండ్రి టేపుతో కొలిచి, భుజం ఆనించి ఆ రోజు వంతు నెట్టేది. అంత బీరువాను ఆ పుల్లలాంటి మనిషి ఎలా కదిపిందని అడిగేవాళ్ళు ద్వేషం బలమెంతో ఎరగనివాళ్ళు.

సుమారు సార్ గుడ్డివాడు కాదు. ఆయనా ఒక స్కేలు తెచ్చి వరసగా కొన్నాళ్ళు కొలిచాడు. అంకెలు కంప్యూటరుకు ఎక్కించాడు. తర్వాత తెగ నవ్వుకుని, తత్సమం సార్‌ను పిలిచి, బీరువా ఇవతల వినపడేంత గట్టిగా చెప్పాడు.

"చూశారా సార్? అడుగు, సగం, మూడో వంతు, నాలుగో వంతు... రోజురోజుకీ తగ్గుతోంది. మా వదిన కోపం కూడా సిలబస్ ప్రకారమే నడుస్తుంది. మూడడుగుల దగ్గర ఆగిపోతుంది."

"ఆగకపోతే గొడవ పెడదామా మరి?"

"గొడవెందుకు సార్, లెక్క చెబుతోంది కదా. రాసిపెట్టుకోండి, మూడడుగులు."

"అలాగే, అలాగే."

లెక్కల మనిషి కాని మరెవడైనా మూడోరోజే వాచ్‌మన్‌ను పిలిచి బీరువాను వెనక్కి నెట్టించి ఉండేవాడు. ఈయన మాత్రం ఒక ముక్కను నమ్మాడు. నమ్మిన ముక్కను నలుగురిలో చెప్పాడు. ఇక బీరువా గురించి ఫిర్యాదు చేస్తే తన విద్య మీద తానే ఫిర్యాదు చేసుకున్నట్టు. అదే ఆవిడకు కావలసింది.

మూడడుగులు దాటింది. ఆయన వచ్చినవాళ్ళ కుర్చీ బయట పెట్టించి, "నాలుగు" అన్నాడు. నాలుగు దాటింది. బల్లను గోడవారకు నిలువుగా తిప్పించుకుని, "నాలుగున్నర, ఇక కదలదు" అన్నాడు. నిజంగానే ఏ రోజుకారోజు చూస్తే కదిలినట్టు ఉండేది కాదు. గోరంత, గోటి అంచంత. స్కేలు గీతల మధ్య ఎక్కడో ఉండేది తేడా. ఆయన స్కేలు పక్కన పడేశాడు. తర్వాత బల్ల వరండాలోకి వెళ్ళింది. కంప్యూటరు కిటికీ గట్టెక్కింది. కుర్చీ పోయి స్టూలు వచ్చింది. ఫైలు మోకాళ్ళమీద పెట్టుకుని పేపర్లు దిద్దుతూ కూడా, ఎవరైనా అడిగితే, "ఆగిపోయిందండీ, ఎప్పుడో ఆగిపోయింది" అనేవాడు. పిల్లలు ఏదో సాకుతో తొంగిచూసి వెళ్ళి చెట్టుకింద విరగబడి నవ్వేవాళ్ళు.

చెల్లెలికి నవ్వు రాలేదు. ఒక ఆదివారం అక్కను భోజనానికి పిలిచింది. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. సుమారు సార్ నడుం పట్టుకుని పక్కకు వంగి తింటున్నాడు.

"ఏమైందే ఆయనకి?" అంది అక్క, గిన్నెలోంచి వడ్డించుకుంటూ.

"నీకు తెలీదా అక్కా?"

"నాకెలా తెలుస్తుంది?"

"ఇరుకు స్టూలు మీద కూర్చుని కూర్చుని వెన్ను పట్టేసింది. రాత్రిళ్ళు నేనే కాపడం పెడుతున్నాను."

"పెద్ద కుర్చీ తెచ్చుకోమను."

"చోటేదీ?" అన్నాడు సుమారు సార్.

"చోటు లేదా? అయితే బీరువా ఇంకా కదులుతోందన్నమాట."

ఆయన ముద్ద మింగి, నిటారుగా కూర్చోబోయి, నొప్పికి పళ్ళు బిగించాడు. "కదలట్లేదు. ఆగింది."

"మరి ఇంకేం."

చెల్లెలు గరిటె బల్లమీద పెట్టింది. పెట్టిన చప్పుడుకు నీళ్ళగ్లాసు ఊగింది.

"మీ ఇద్దరికీ సిగ్గులేదు. ఆయన ప్రతిపాదన వెనక్కి తీసుకోడు, నువ్వు బీరువా వెనక్కి తీసుకోవు. మధ్యలో నేనేం చెయ్యాలి?"

"ఆయన్ని పేపరు వదిలెయ్యమను. బీరువా సంగతి నేను చూసుకుంటాను."

"అక్కా, అది ఒక పేపరే."

ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. చెల్లెల్ని చూసింది. రెండు చేతులూ వేర్వేరు పొడుగులున్న గౌనులో గిరగిరా తిరిగిన పిల్ల. ఆ పిల్లకు అప్పుడూ తేడా కనిపించలేదు, ఇప్పుడూ కనిపించలేదు.

"నీకు నీ ఇల్లుంది కాబట్టి నీకది ఒక పేపరు" అంది.

"నీ ఇల్లు నేను పట్టుకుపోలేదే."

"పోలేదా?"

చెల్లెలు తన కంచం పక్కకు జరిపింది. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. "ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేశావంటే, ఇక ఈ గుమ్మం తొక్కకు."

అక్క చెయ్యి కడుక్కుని వచ్చేసింది. మర్నాడు పొద్దున సబ్బుముక్క తడపబోయి ఆగింది. టేపు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆ రోజు జరపాల్సింది బియ్యపుగింజ మందం. జరపకపోయినా ఎవరికీ తెలియదు. కనిపించదు. కనిపించకపోతే లేనట్టా అని ఎవరో చెవిలో అన్నట్టయింది. భుజం ఆనించి నెట్టింది.

సమావేశం రోజు వచ్చింది. కమిటీ ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంది. ప్రిన్సిపాల్, తత్సమం సార్, బయటినుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, మినిట్స్ రాసే సూపరింటెండెంటు. సుమారు సార్ అనుకున్నదంతా చెప్పాడు. పిల్లలు తప్పుతున్నారన్నాడు, మెషీన్లు వచ్చేశాయన్నాడు. చివరికి చెప్పనే చెప్పాడు, "ముక్కలు చిన్నవైపోతే మొత్తం ఆగినట్టే సార్." ప్రిన్సిపాల్ తల పంకించి, కాస్త టీ తాగి వచ్చి నిర్ణయం తీసుకుందామన్నాడు. సుమారు సార్ తన ఫైళ్ళు తెచ్చుకోవడానికి గదికి వెళ్ళాడు.

ఎప్సిలాన్ మేడం అప్పటికే అక్కడుంది. ఆ పొద్దున్న ఆవిడ బీరువాను ముట్టుకోలేదు. ఆ రోజు వంతును ఇందుకోసమే దాచుకుంది. ఆయన ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి, బీరువా పక్క సందులోంచి తన రాజ్యంలోకి దూరడం చూసింది. స్టూలు కిర్రుమన్నాక సబ్బు రాసి, భుజం ఆనించి, దాచుకున్న వంతు నెట్టింది. అట్ట మందం. అంతే. లోపల ఆయన మోకాళ్ళు బీరువాకు, వెన్ను కిటికీకి అతుక్కుపోయాయి, ఇక సందువైపు తిరిగే వీల్లేదు.

తర్వాత వరండాలోకి వచ్చి, టీ కప్పులతో నిలబడిన కమిటీని చూసి, "ఒక్కసారి మా గదికొస్తారా? ఆ శ్రేణి ఎక్కడ ఆగిందో చూపిస్తాను" అంది.

వచ్చారు. తలుపువైపు గది మైదానంలా ఉంది. నల్లబల్ల ముందు పదిమంది డాన్సు చెయ్యొచ్చు. ప్రిన్సిపాల్ అటూ ఇటూ చూశాడు.

"ఇంకో సార్ సీటేదమ్మా?"

"బీరువా అవతల."

"బీరువా అవతల గోడ కదా?"

బీరువా వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. "ఉన్నాను సార్."

కమిటీ మొత్తం బీరువాను గౌరవంగా చూసింది.

"మొదటిరోజు ఈయన సమ్మతితో అడుగు జరిపాను" అంది ఆవిడ, క్లాసులో చెప్పినట్టే. "రెండోరోజు సగం. మూడో వంతూ, నాలుగో వంతూ కలిపితే మళ్ళీ సగం అడుగు దాటింది. తర్వాతి నాలుగు రోజులూ కలిపితే ఇంకో సగం. తర్వాతి ఎనిమిది రోజులూ కలిపితే ఇంకో సగం. ముక్క ఎప్పుడూ తగ్గుతూనే ఉంది. సగాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఓపిక ఉండాలి గానీ, ఇలాగే నెడితే గోడ కూడా చాలదు. ఈయన మూడడుగుల దగ్గర ఆగుతుందన్నారు. తర్వాత నాలుగన్నారు. ఇవాళ నేను జరిపింది అట్ట మందం. మరిదిగారూ, ఆగిందా?"

లోపల వెన్ను కీచుమన్న చప్పుడు వినిపించిందని సూపరింటెండెంటు తర్వాత చెప్పాడు, దానికీ పూచీ లేదు.

"ఆగినట్టే, సార్" అంది గొంతు.

"ఆగితే బయటికి రండి" అన్నాడు ప్రిన్సిపాల్.

సందులో ఒక చెయ్యి కనిపించింది. మోచెయ్యిదాకా వచ్చింది. ఇంకేమీ రాలేదు. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. ప్రిన్సిపాల్ సాయం చేద్దామని సందులోకి తన భుజం పెట్టాడు. అది ఆయన శరీరంలో ఏ భాగానికీ సరిపోయే సందు కాదు. మిగతా ముగ్గురూ ఆయన్ను వెనక్కి లాగారు. లాగుతూ ఉండగానే కిటికీ తలుపు తెరుచుకున్న చప్పుడు, పొదల చప్పుడు, గుడ్డ చిరిగిన చప్పుడు వరసగా వినిపించాయి. ఆ తర్వాత సైకిల్ స్టాండు దగ్గర పిల్లల చప్పట్లు.

ప్రిన్సిపాల్ భుజం రుద్దుకుంటూ ఖాళీ కిటికీని చూశాడు. నిరూపణ ఆయన ఒంటికి తగిలింది. "ఈ పేపరు ఉండాలయ్యా" అన్నాడు సూపరింటెండెంటుతో, "లేకపోతే మనం ఎప్పుడు ఎక్కడ ఇరుక్కుపోతామో మనకే తెలీదు." తత్సమం సార్, "అలాగే, అలాగే" అన్నాడు. పేపరు నిలబడింది. మొదటి సంవత్సరం, తప్పనిసరి. సగంమంది తప్పుతూనే ఉన్నారు.

ఆ సాయంత్రం ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆవిడకే తెలియదు. తలుపు కొద్దిగా తెరుచుకుంది. గొలుసు మాత్రం తియ్యలేదు.

"గెలిచావుగా అక్కా?"

"పేపరు నిలబడింది."

"ఆయన లోపల బోర్లా పడుకుని ఉన్నాడు. మొహం గోడవైపు."

"కాపడం పెట్టు, తగ్గుతుంది."

తలుపు మూసుకుంది. గట్టిగా కాదు. చప్పుడు కూడా లేకుండా.

తర్వాత ఏళ్ళు గడిచాయి. సుమారు సార్‌కు వేరే గది ఇచ్చారు. వరండాలో ఎదురైతే మొదట్లో ఆయన మొహం తిప్పుకునేవాడు. తర్వాత తల కొంచెం ఊపేవాడు. ఆ తర్వాత "నమస్కారం వదినగారూ" దాకా వచ్చాడు, పళ్ళ మధ్యనుంచి. చెల్లెలు కొన్నాళ్ళకు బజారులో ఎదురైతే రోడ్డు దాటి అవతలి వైపు నడవడం మానేసింది. ఇవతలే నడిచేది, చూడకుండా. రిటైరయ్యే ముందు తత్సమం సార్ ఈ మార్పులన్నీ లెక్కపెట్టుకుని, ఆవిడను పిలిచి సంతోషంగా చెప్పాడు.

"వైరం తగ్గుతోందమ్మా. ఏడాదికేడాదికీ తగ్గుతోంది. ఇక ఆగిపోతుంది."

"తగ్గుతున్నంత మాత్రాన ఆగుతుందని మీకెవరు చెప్పారు సార్?"

ఆయనకు మొదటిసారి "అలాగే" అనడం చేతకాలేదు.

ఈ కథంతా ఈమధ్య ఎప్సిలాన్ మేడం ముందు చదివితే, ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా కదలకుండా విన్నది. మెడలో కళ్ళజోడు, ఒళ్ళో పాత టేపు. దాన్ని చుడుతూ, విప్పుతూ. చివర కాగితం అడిగి తీసుకుని, ఎర్ర పెన్నుతో ఒకచోట కామా పెట్టి తిరిగి ఇచ్చింది.

"అంతా అబద్ధం. ఆ లెక్కన బీరువా కిటికీవైపు ఆరడుగులు దాటాలంటే రెండువందల పైచిలుకు పనిరోజులు కావాలి. ఆ కాలేజీ ఏనాడూ అన్ని రోజులు తెరిచి లేదు. ఆ బీరువా ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది, నేను ముట్టుకోలేదు. కిటికీ ఎవరూ దిగలేదు. నాకు మరిది లేడు."

టేపు చుట్టడం పూర్తిచేసి సంచిలో వేసుకుంది.

"నాకసలు చెల్లెలే లేదు."